నీట మునిగిన గుహలోంచి మనిషిని ప్రాణాలతో ఎలా తెస్తారు?

నదిలోనో కాలువలోనో ఎవరైనా గల్లంతైతే మన దగ్గర మొదట పిలిచేది గజ ఈతగాళ్లను. గోదావరి పాయల్లో, కృష్ణా ఘాట్లలో వాళ్లు చేసే పని సామాన్యమైనది కాదు. కానీ ఆ నైపుణ్యం నీళ్లు నిండిన గుహలో దాదాపు అక్కరకు రాదు. నదిలో ఎంత లోతున ఉన్నా, ఏ ఇబ్బంది వచ్చినా, పైకి తేలితే గాలి అందుతుంది. గుహలో పైకి తేలితే తలకు రాయి తగులుతుంది. గాలి కావాలంటే వచ్చిన దారినే వెనక్కి వెళ్లాలి. ఆ దారి అరగంటదైనా, మూడు గంటలదైనా అంతే. ఈ పనిలోని పరికరాలు, నియమాలు, ప్రాణనష్టాలు అన్నీ ఈ ఒక్క తేడా నుంచే పుట్టాయి.

గుహ నేల సమంగా ఉండదు. పల్లమున్న చోట నీళ్లు కప్పుదాకా నిండి దారి మూసేస్తాయి. మెరకగా ఉన్న చోట పైన కొంత గాలి మిగులుతుంది. అలా మూసుకుపోయిన నీటి ముక్కను సంప్ అంటారు. మన ఇళ్ల ముందు తవ్వించుకునే నీళ్ల సంపుదీ ఇదే పేరు. నంద్యాల జిల్లా బేలం గుహల్లోకి దిగినవాళ్లకు ఈ ఆకారం కళ్లకు కడుతుంది: ఒకచోట కల్యాణమండపమంత వెడల్పు, పది అడుగులు వేస్తే వంగి దూరాల్సిన సందు. ఆ సందుల్లోకి చిక్కటి టీ రంగు నీళ్లు కప్పుదాకా వచ్చాయనుకుంటే సంప్ అంటే ఏమిటో అర్థమవుతుంది. బేలం పొడవు 3.2 కిలోమీటర్లు. 2018లో పన్నెండు మంది పిల్లలు, వాళ్ల కోచ్ చిక్కుకున్న థాయ్‌లాండ్‌లోని థామ్ లువాంగ్ గుహ పొడవు సుమారు 10 కిలోమీటర్లు.

ఆ సంఘటన చాలామందికి గుర్తుండే ఉంటుంది. జూన్ 23న ఫుట్‌బాల్ సాధన అయ్యాక, 11 నుంచి 16 ఏళ్ల మధ్య పిల్లలు, 25 ఏళ్ల సహాయ కోచ్ చియాంగ్ రాయ్ రాష్ట్రంలోని ఆ గుహలోకి వెళ్లారు. వానకు వెనక దారి మునిగిపోయింది. తొమ్మిది రోజుల తర్వాత, జులై 2న, బ్రిటిష్ గుహ డైవర్లు రిక్ స్టాంటన్, జాన్ వొలాంథెన్ వాళ్లను కనుగొన్నారు. కనుగొన్న వీడియో ప్రపంచమంతా చూసింది. అసలు కష్టం మాత్రం అక్కడే మొదలైంది. ఇలాంటి ప్రమాదాల్లో చిక్కుకున్నవాళ్ల దగ్గరికి నిపుణుడైన డైవర్ చేరుకోవడం సాధ్యమే. ఈత రానివాణ్ని, తొమ్మిది రోజులు తిండి లేనివాణ్ని అదే దారిలో వెనక్కి తేవడమే దాదాపు అసాధ్యం.

ముందు వెళ్లడం సంగతి చూద్దాం. గుహలోకి దిగే డైవర్ ప్రాణం ఒక దారం మీద ఆధారపడి ఉంటుంది. దాన్ని గైడ్ లైన్ అంటారు. గుహ బయట గట్టి ఆధారానికి కట్టి, రీలు నుంచి వదులుతూ, మధ్యమధ్య రాళ్లకు చుడుతూ లోపలికి తీసుకెళ్తారు. దానికి తగిలించే చిన్న ప్లాస్టిక్ బాణాలు ఎప్పుడూ బయటికి వెళ్లే వైపే చూపిస్తాయి. కళ్లు పనిచేయకపోయినా వేళ్లతో తడిమి ఎటు వెళ్లాలో తెలుసుకోవడానికే ఆ బాణాలు. గుహ నేల మీద పేరుకున్న మెత్తటి ఒండ్రును ఒక్క కాలి తాపు లేపిందంటే చేతిలోని లైటు కూడా కనిపించదు. అందుకే గుహ డైవర్లు కాళ్లు పైకీ కిందకీ ఆడించరు. మోకాళ్లు వంచి కప్పలా పక్కలకు తోస్తారు. ఇరుకు గుహల్లో సిలిండర్లను వీపు మీద కాకుండా రెండు చంకల కింద తగిలించుకుంటారు. సందు మరీ ఇరుకైతే ఒక సిలిండర్ విప్పి ముందుకు తోసి, తర్వాత తాము దూరతారు.

లైన్ ఉంటే చాలదు, అది సరైన చోట పడాలి. మలుపులో వదులైన దారాన్ని లాగితే అది అడ్డదారిన సన్నటి చీలికలోకి జారుకుంటుంది. దారం పడుతుంది, మనిషి పట్టడు. చీకట్లో దాన్ని పట్టుకుని వచ్చే డైవర్ గోడకు గుద్దుకుని దారి మూసుకుపోయిందనుకుంటాడు. అందుకే ప్రతి మలుపు దగ్గరా కట్టు వేయడం బద్ధకించకూడని పని. లైన్ చేయి జారితే ఈదుకుంటూ వెతకకూడదు. ఉన్నచోటే ఆగి, దగ్గరి రాయికి తన సొంత చిన్న రీలు కట్టి, దాని సాయంతో చుట్టూ తడమాలి. థామ్ లువాంగ్‌లో పిల్లలను బయటికి తెచ్చిన చివరి రోజున బ్రిటిష్ డైవర్ క్రిస్ జ్యుయెల్‌కు ఇదే జరిగింది. మత్తులో ఉన్న పిల్లవాణ్ని (మత్తు ఎందుకిచ్చారో తర్వాత చూద్దాం) ఒక చేత్తో పట్టుకుని ఉండగా రెండో చేతిలోని లైన్ జారింది. తడుముతుంటే ఒక పాత కరెంటు తీగ తగిలింది. దాన్ని పట్టుకుని పోతే వెనకటి గదిలోనే తేలాడు. అక్కడే ఆగి, వెనక వస్తున్న డాక్టర్ రిచర్డ్ హారిస్ కోసం ఎదురుచూశాడు. తెలియని నీటిలో ముందుకు పోకుండా ఆగినందువల్లే ఇద్దరూ బతికారు.

లైన్ తర్వాత గాలి. మన వార్తల్లో తరచూ ‘ఆక్సిజన్ సిలిండర్లతో దిగిన డైవర్లు’ అని రాస్తుంటారు. డైవర్ సిలిండర్‌లో ఉండేది చాలాసార్లు మామూలు గాలే, ఒత్తిడి పెట్టి నింపినది. స్వచ్ఛమైన ఆక్సిజన్ సుమారు 6 మీటర్ల కింద విషంలా పనిచేసి మూర్ఛ తెప్పిస్తుంది.

ఇప్పుడు లెక్క. 12 లీటర్ల సిలిండర్‌ను 200 బార్ ఒత్తిడికి, అంటే మామూలు గాలి ఒత్తిడికి సుమారు 200 రెట్లకు, నింపితే అందులో 2400 లీటర్ల గాలి ఉంటుంది. నిదానంగా ఈదే డైవర్ నిమిషానికి 20 లీటర్లు పీలుస్తాడనుకుందాం. 5 మీటర్ల లోతులో ఒత్తిడి ఒకటిన్నర రెట్లు కాబట్టి ఖర్చు 30 లీటర్లవుతుంది. అంటే సిలిండర్ 80 నిమిషాలు వస్తుంది. గుహ డైవింగ్‌లో మూడోవంతు నియమం ఉంది: వెళ్లడానికి ఒక వంతు, రావడానికి ఒక వంతు, ఆపదకు ఒక వంతు. దాని ప్రకారం 26 నిమిషాలు గడవగానే వెనక్కి తిరగాలి. అదే సిలిండర్‌ను బెదిరిపోయిన మనిషికి ఇస్తే? అతను మూడు రెట్లు పీలుస్తాడు, మొత్తం 27 నిమిషాల్లో ఖాళీ. అమెరికాలో గుహ డైవర్ షెక్ ఎక్స్‌లీ లాంటివాళ్లు 1970లలో గుహ డైవింగ్ మరణాలను ఒక్కొక్కటిగా పరిశీలించినప్పుడు పదేపదే కనిపించినవి ఇవే: గైడ్ లైన్ లేకపోవడం, మూడోవంతు మిగల్చకపోవడం, లోతు ఎక్కువవడం. తర్వాత సరైన శిక్షణ, ఒక్కొక్కరికి మూడు లైట్లు కూడా నియమాల్లో చేరాయి.

కాపాడే పనిలో మూడోవంతు కూడా చాలదు. తిరుగు ప్రయాణం వెళ్లినదానికంటే నెమ్మదిగా సాగుతుంది, పీల్చేవాళ్లు ఇద్దరవుతారు. కాబట్టి దారి పొడవునా అదనపు సిలిండర్లు ముందే పెట్టి ఉంచాలి. బయటివాళ్లకు కనిపించని ఈ మోత పనే అత్యంత ప్రమాదకరం. థాయ్ నౌకాదళంలోని ప్రత్యేక దళం సీల్ మాజీ సభ్యుడు సమన్ కునాన్ జులై 6న అలా సిలిండర్లు పెట్టి తిరిగివస్తూ నీటిలో స్పృహ తప్పి చనిపోయారు. సముద్రంలో ఆరితేరిన మనిషి, స్వచ్ఛందంగా వచ్చినవారు. సీల్ దళం శిక్షణ పొందింది తెరిచిన నీటి కోసం. అయినా వాళ్లు వెనకాడలేదు. ముగ్గురు సీల్స్, ఒక సైనిక డాక్టర్ వారం రోజులు పిల్లలతోనే ఉండిపోయారు. అక్కడ సోకిన రక్త ఇన్ఫెక్షన్‌తో మరో సీల్ 2019 డిసెంబరులో కన్నుమూశారు.

వెతకడంలో ఓ చిన్న కిటుకు ఉంది. గాలి మిగిలిన ప్రతి గదిలోనూ డైవర్లు పైకి తేలి, మాస్క్ తీసి, కేకవేసి, వాసన చూస్తారు. థామ్ లువాంగ్‌లో పిల్లలు కనపడకముందే వాళ్ల వాసన తెలిసింది. ఎక్కడ వెతకాలన్నది ఊరకే తెలియలేదు. ఆ గుహను ఏళ్ల తరబడి కొలిచిన, అక్కడే స్థిరపడిన వెర్న్ అన్స్‌వర్త్ లాంటి గుహాన్వేషకుడి పటం, అంచనా దారి చూపాయి.

దొరికినవాళ్లను వెంటనే తీసుకురావాలనే తొందర అందరికీ ఉంటుంది. కానీ మొదటిసారి వెళ్లిన డైవర్ దగ్గర అందుకు తగిన గాలీ ఉండదు, పరికరమూ ఉండదు. మొదటి ప్రయాణం లెక్క కోసం: ఎంతమంది, ఎవరికి గాయాలు, గాలి ఎలా ఉంది. రెండో ప్రయాణంలో తేలికగా అరిగే ఆహారం, రేకు దుప్పట్లు, లైట్లు, కాగితం, పెన్ను వెళ్తాయి. పిల్లలు ఇంటికి రాసిన ఉత్తరాలు అలాగే బయటికొచ్చాయి.

ఆ తర్వాత గడియారం గాలి చేతిలోకి వెళ్తుంది. కదలకుండా కూర్చున్న మనిషి కూడా రోజుకు సుమారు 360 లీటర్ల ఆక్సిజన్ వాడతాడు. పదమూడు మందికి 4,680 లీటర్లు, అంటే నిండా నింపిన రెండు స్వచ్ఛమైన ఆక్సిజన్ సిలిండర్లు ప్రతి రోజూ. థామ్ లువాంగ్‌లో ఆక్సిజన్ 21 శాతం నుంచి 15 శాతానికి పడిపోయిందని కొలిచారు. అంతకంటే ముందే దెబ్బతీసేది వదిలిన కార్బన్ డయాక్సైడ్. 2017 ఏప్రిల్‌లో స్పెయిన్‌లోని మయోర్కా దీవిలో సా పికెటా అనే గుహలో షిస్కో గ్రాసియా అనే డైవర్ గైడ్ లైన్ పోగొట్టుకుని, ఓ గాలి గదిలో దాదాపు 60 గంటలు గడిపారు. అక్కడి గాలిలో కార్బన్ డయాక్సైడ్ సుమారు 5 శాతం, బయటి గాలిలో ఉండేదానికి వంద రెట్లకు మించి. తలనొప్పి, నిద్ర పట్టకపోవడం, చివరికి లేని లైట్లు కనపడటం మొదలైంది. అతన్ని చేరుకున్న డైవర్లు ముందు ఆక్సిజన్ ఎక్కువగా ఉన్న గాలి ఇచ్చి, మనసు తేటపడ్డాకే నీటిలోకి దించారు. బయటినుంచి బోరు వేసి ఆ గదిలోకి చేరాలన్న ప్రయత్నం గురి తప్పింది. కొండ మీద నుంచి బోరు వేయడం వినడానికి తేలిక. గుహ సర్వేలో కొన్ని మీటర్ల తప్పుంటే బోరు గది పక్క నుంచే పోతుంది.

కాబట్టి మార్గాలు నాలుగు. నీరు తగ్గేదాకా ఆగడం, పైనుంచి తవ్వడం, డైవింగ్ నేర్పి తీసుకురావడం, మత్తిచ్చి తీసుకురావడం. ఆగడం సాధ్యమైతే అదే మేలు. 2024 జనవరిలో స్లొవేనియాలోని క్రిజ్నా గుహలో ఐదుగురు చిక్కుకుంటే డైవర్లు వాళ్లకు బట్టలు, ఆహారం చేర్చారు. రెండు రోజులకు నీరు తగ్గాక పడవలో తీసుకొచ్చారు. నేర్పి తెచ్చిన ఉదాహరణా ఉంది. 2004 మార్చిలో మెక్సికోలోని క్వెట్జలాన్ వద్ద చిక్కుకున్న ఆరుగురు బ్రిటిష్ వాళ్లను రిక్ స్టాంటన్, జేసన్ మాలిన్‌సన్ ఒక్కొక్కరికీ నేర్పి బయటికి తెచ్చారు. వాళ్లు గుహలు తెలిసిన పెద్దవాళ్లు, అక్కడి సంప్ చిన్నది. అయినా ఒకరు మధ్యలో బెదిరారు. 2019 ఏప్రిల్‌లో అమెరికాలోని టెనెసీలో జాష్ బ్రాచ్లీ దాదాపు 28 గంటలు గుహలో చిక్కుకున్నప్పుడు ఫ్లోరిడా డైవర్ ఎడ్ సోరెన్సన్ వెళ్లి తీసుకొచ్చారు. బ్రాచ్లీ నిబ్బరంగా కూర్చుని ఉన్నారు. థామ్ లువాంగ్‌లో పిల్లల కోసం పనిచేసిన డైవర్లలో ఆయనా ఒకరు. అలాంటివాణ్ని తేవడం వేరు, పదకొండేళ్ల పిల్లవాణ్ని తేవడం వేరు.

పిల్లల విషయంలో ఆగడానికి వీల్లేదు. వానాకాలం నెలల తరబడి ఉంటుంది, గాలి పాడవుతోంది. నేర్పి తేవడానికీ వీల్లేదు. ఏమీ కనిపించని నీటిలో మూడు గంటలు మాస్క్ పెట్టుకుని ఉండమంటే పిల్లవాడు ఎక్కడో ఒకచోట దాన్ని పీకేస్తాడు. కాపాడేవాణ్ని కూడా పట్టుకుని లాగుతాడు. బెదురు తీసేయాలి, లేదా ఇద్దరూ పోతారు. మిగిలింది మత్తు. ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌కు చెందిన మత్తు డాక్టర్, గుహ డైవర్ రిచర్డ్ హారిస్ మొదట ఇది కుదరదన్నారు. నిద్రపోతున్న మనిషిని నీటి కింద మోసిన అనుభవం ఎవరికీ లేదు. వికటిస్తే అతన్ని అక్కడి చట్టం పట్టుకోకుండా థాయ్ ప్రభుత్వం రక్షణ ఇచ్చాకే పని మొదలైంది.

వాడిన మందులు మూడు. ముందు బెదురు తగ్గించే అల్ప్రజోలామ్ మాత్ర. తర్వాత కండలోకి కెటమైన్, శరీర బరువు కిలోకు 5 మిల్లీగ్రాముల చొప్పున. దాంతోపాటు ఆట్రోపిన్. కెటమైన్‌నే ఎందుకు ఎంచుకున్నారో చూస్తే వైద్యుడి ఆలోచన తెలుస్తుంది. చాలా మత్తుమందులు ఊపిరిని అణచేస్తాయి, రక్తపోటును పడేస్తాయి. కెటమైన్ ఇచ్చినా మనిషి తనంతట తాను ఊపిరి తీస్తూనే ఉంటాడు. కానీ అది నోట్లో లాలాజలం పెంచుతుంది. మాస్క్ లోపల ఆ చొంగ గొంతులోకి పోతే ప్రాణాంతకం. దాన్ని ఎండగట్టడానికే ఆట్రోపిన్. కెటమైన్ ప్రభావం గంటలోపే తగ్గుతుంది, ప్రయాణమేమో దాదాపు మూడు గంటలు. కాబట్టి మధ్యలో కదలిక కనపడితే సగం మోతాదు మళ్లీ పొడవడానికి ముందే నింపిన సిరంజీలు డైవర్లకు ఇచ్చారు. వాళ్లెవరూ డాక్టర్లు కారు. ఆ డైవర్ల బృందంలో హారిస్ కాక వైద్యం తెలిసినది పశువైద్యుడైన ఆయన మిత్రుడు క్రెయిగ్ చాలెన్ ఒక్కరే. ఆయన దారిలో మరో గదిలో ఉండి పిల్లల పరిస్థితి చూసేవారు.

పిల్లవాణ్ని సిద్ధం చేసే తీరు ఇది. వెట్‌సూట్, తేలే జాకెట్, ఛాతీ మీద సిలిండర్, వీపు మీద మోసేందుకు పిడి. ముఖమంతా కప్పే మాస్క్. లోపలి ఒత్తిడి బయటికంటే కాస్త ఎక్కువగా ఉండేలా చేసినది, ఎక్కడైనా సందు పడితే నీరు లోపలికి రాకుండా గాలే బయటికి పోతుంది. సిలిండర్‌లో 80 శాతం ఆక్సిజన్. పైన చెప్పిన విషప్రభావం ఇక్కడ ఎందుకు అడ్డు కాలేదంటే నీరు లోతు లేదు. 10 మీటర్ల దగ్గర 80 శాతం హద్దుకు చేరుతుంది, అంతకంటే పైన ఫర్వాలేదు. ఊపిరి కాసేపు ఆగినా రక్తంలో ఆక్సిజన్ నిల్వ ఉండటమే దాని లాభం. మత్తు తేలితే మాస్క్ పీకకుండా చేతులు వెనక్కి కట్టారు. కట్టాక మొహాన్ని నీటిలోకి ముంచి, బుడగలు వస్తున్నాయా, ఊపిరి నిలకడగా ఉందా అని హారిస్ చూసేవారు. ఆ తర్వాతే ప్రయాణం.

నీటి కింద డైవర్ ఒక చేత్తో లైన్, ఒక చేత్తో పిల్లవాణ్ని పట్టుకుంటాడు. తన తల పిల్లవాడి తలకంటే పైన, ముందు ఉంచుతాడు. రాయి తగిలితే ముందు తనకే తగలాలని. మాస్క్‌కు దెబ్బ తగిలితే అంచు జరిగి నీరు చేరుతుంది, దాన్ని నీటి కింద సరిచేయడం కుదరదు. అందుకే మెల్లగా వెళ్లడమే భద్రత. చివరి చిన్న పిల్లవాడికి మాస్క్ సరిగ్గా కూర్చోక మాలిన్‌సన్ ఇంకా నెమ్మదిగా తీసుకొచ్చారు. బుడగల చప్పుడు వింటూ ఉండాలి. మెడ వంగిపోతే గొంతు మూసుకుంటుంది కాబట్టి పొడి గదుల్లో కూడా గడ్డం ఎత్తి ఉంచాలి. ఇంకో శత్రువు చలి. మత్తులో ఉన్నవాడు వణకలేడు, గంటల తరబడి నీటిలో ఉంటే ఒళ్లు చల్లబడుతుంది.

డైవర్లు తెచ్చేది గుహ ముఖద్వారం నుంచి లెక్కిస్తే మూడో గది దాకానే. అక్కడినుంచి స్ట్రెచర్. నిటారు చోట్ల తాళ్లు, పల్లాల్లో చేతుల వరుస. అమెరికా, థాయ్, చైనా, ఆస్ట్రేలియా మనుషులు వందమందికి పైగా నిలబడి ఒకరి చేతి నుంచి ఒకరికి అందించారు. జులై 8న నలుగురు, 9న నలుగురు, 10న మిగిలిన నలుగురు, కోచ్. రోజుకు నలుగురైదుగురే ఎందుకంటే ఒక్కో విడత తర్వాత సిలిండర్లు మళ్లీ నింపి, మోసి, పేర్చాలి.

ఇదంతా నీటిమట్టం నిలబడితేనే. డైవర్ల పేర్లు ప్రపంచానికి తెలిశాయి కానీ పంపులు లేకపోతే డైవర్లు లేరు. గుహ నుంచి వంద కోట్ల లీటర్లకు పైగా నీరు తోడారు. మన దేశపు కిర్లోస్కర్ బ్రదర్స్ నిపుణులు కూడా అందులో పనిచేశారు. కొండ మీద వాగులు గుహలోకి దిగే చోట్లను వెతికి, గట్లు వేసి, గొట్టాలతో పక్కకు మళ్లించారు. తోడిన నీళ్లు కింది వరి పొలాలను ముంచాయి. చాలామంది రైతులు పరిహారం వద్దన్నారు. నాట్లు మునిగితే ఏమవుతుందో తెలిసిన ప్రాంతం వాళ్లకు ఆ మాట విలువ వేరే చెప్పక్కర్లేదు. చివరి మనిషి బయటపడిన కొద్దిసేపటికే ప్రధాన పంపు ఆగిపోయి మూడో గదిలో నీరు లేచింది. అక్కడున్నవాళ్లు పరుగున బయటికొచ్చారు.

ఈ పద్ధతి ఎక్కడైనా పనిచేస్తుందనుకుంటే పొరపాటు. 2018 డిసెంబరు 13న మేఘాలయలోని క్సాన్ వద్ద ఎలుకబొరియ బొగ్గు గనిలోకి నీరు ముంచుకొచ్చి 15 మంది చిక్కుకున్నారు. విశాఖపట్నం నుంచి నౌకాదళ డైవర్ల బృందం వెళ్లింది. అక్కడ గైడ్ లైన్ వేయడానికి పటమే లేదు. చట్టవిరుద్ధంగా తవ్విన బొరియలకు కొలతలు ఎవరు రాసిపెడతారు? నిలువు బావి లోతు వందల అడుగులు. పక్కనున్న పాడుబడిన గనుల నుంచి నీరు ఊరుతూనే ఉంది. పంపులు తోడేకొద్దీ మట్టం దిగలేదు. బొరియలో మనిషి పాకగలడు తప్ప రెండు సిలిండర్లు తగిలించుకున్న డైవర్ తిరగడానికి చోటు లేదు. అన్నిటికంటే పెద్ద తేడా, చిక్కుకున్నవాళ్లకు మెరకగా ఉన్న గాలి గది దొరికిందన్న గుర్తు ఒక్కటీ లేదు. నీటి కింద నడిచే యంత్రాన్ని పంపి వెతికారు. మొదటి దేహం బయటికి రావడానికి 2019 జనవరి 24 దాకా పట్టింది.

2025 జనవరి 6న అస్సాంలోని ఉమ్రాంగ్సో గనిలో తొమ్మిది మంది చిక్కుకున్నప్పుడు కూడా విశాఖ డైవర్లే వెళ్లారు. రెండు రోజులకు ఒక దేహం, 11న మూడు దొరికాయి. మిగిలిన ఐదుగురి కోసం డైవింగ్ ఆపి, నీళ్లు తోడుతూ పోవాల్సి వచ్చింది. ఫిబ్రవరి 19న, గని అడుగు కనపడ్డాకే వాళ్ల దేహాలు బయటికి తీశారు.